చేతులు కడగని ఓసీడీ

2017లో వచ్చిన ‘మహానుభావుడు’ సినిమాలో శర్వానంద్ వేసిన కుర్రాడి పాత్రకు మురికి కంటబడితే చాలు, ప్రాణం విలవిల్లాడిపోతుంది. నవ్వించడానికి తీసిన సినిమా, బాగానే నవ్వించింది. తెలుగువాళ్లలో చాలామందికి ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనగానే ఇప్పటికీ గుర్తొచ్చేది అలాంటి కుర్రాడే. బీరువాలో చీరలు రంగుల వరసన పెట్టుకునే ఆవిడ కూడా “నాకు కాస్త ఓసీడీ ఉందిలెండి” అని నవ్వుతూ చెప్పుకుంటుంది. అలా నవ్వుతూ చెప్పుకోగలిగిందంటే ఆవిడకు ఆ జబ్బు దాదాపు లేనట్టే లెక్క. ఉన్నవాళ్లు చాలాసార్లు మనం చూడనిచోట ఉంటారు. పుట్టింట్లో పురుడు పోసుకుని, బిడ్డ పక్కన ఒంటరిగా పడుకోవడానికే జంకుతూ, కత్తిపీటను అటకెక్కించమని తల్లిని పోరే బాలింత. దేవుడి గదిలో కళ్లు మూసుకోగానే బూతు బొమ్మలు కనబడుతున్నాయని పూజే మానేసిన పెద్దాయన. దారిలో ఎవరినైనా బండితో గుద్దేశానేమోనని ఆఫీసు గుమ్మం దాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లి, రోడ్డంతా వెతికొచ్చే ఉద్యోగి. వీళ్ల ఇళ్లలో సబ్బు ఖర్చేమీ పెరగదు. అందుకే ఇంట్లోవాళ్లు దాన్ని చాదస్తం అంటారు, పిరికితనం అంటారు, గాలి సోకిందంటారు. జబ్బు ఉన్నవాళ్లయితే తాము పాపిష్టివాళ్లమనో, పిచ్చెక్కుతోందనో అనుకుని నోరు మెదపరు. ఈ పొరపాటుకు మూలం ఒకటే. ఓసీడీని మనం ఆలోచనలోని విషయాన్ని బట్టి పోల్చుకోవాలని చూస్తున్నాం. మురికి గురించా, దేవుడి గురించా, కత్తి గురించా అన్నదాన్ని పక్కనపెట్టి, ఆ ఆలోచన మనిషిని ఎలా గానుగెద్దులా తిప్పుతోందో చూస్తేనే జబ్బు దొరుకుతుంది.

ఆ తిప్పుడు ఇలా ఉంటుంది. రమ్మనకుండా ఒక ఆలోచనో, దృశ్యమో, అనుమానమో వచ్చి పడుతుంది. దాంతో గుండె దడ, అసహ్యం, లేదా ఏదో సరిగ్గా లేదన్న అలజడి. దాన్ని దించుకోవడానికి మనిషి ఒక పని చేస్తాడు. కడుగుతాడు, వెళ్లి చూసొస్తాడు, లెక్కపెడతాడు, పక్కవాళ్లను అడుగుతాడు, మనసులోనే ఏదో జపిస్తాడు. కాస్త హాయి కలుగుతుంది. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. ఈ పని చేశాను కాబట్టే గండం గడిచిందని మెదడు నేర్చుకుంటుంది, మరోసారి అదే పని కోరుతుంది. పడుకోబోయే ముందు గ్యాస్ రెగ్యులేటర్ కట్టేశామా లేదా అని ఒకసారి చూసుకోవడం మంచిదే. నాలుగోసారి లేచి వెళ్లిన మనిషి మాత్రం నాబ్‌ను వేళ్లతో తిప్పి చూస్తాడు, అది ‘ఆఫ్’ వైపే ఉందని పైకి అంటాడు, కొందరైతే ఫోన్‌లో ఫొటో కూడా తీసుకుంటారు. మంచం దాకా వచ్చేసరికి ఆ ఫొటో ఈరోజుదా నిన్నటిదా అన్న కొత్త అనుమానం. ఎన్నిసార్లు చూసినా నమ్మకం ఎందుకు కుదరదు? నెదర్లాండ్స్ పరిశోధకులు మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ 2003లో దీన్నే పరీక్షించారు. ఏ జబ్బూ లేని విద్యార్థుల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్‌ను పదేపదే తనిఖీ చేయించారు. చివరి తనిఖీ గురించి అడిగితే వాళ్ల జ్ఞాపకం నిజానికి తప్పలేదు. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద వాళ్లకున్న నమ్మకం పడిపోయింది. అంటే అనుమానం వల్ల తనిఖీ పుడుతుందన్నది సగం సంగతే, తనిఖీ వల్ల కూడా అనుమానం పుడుతుంది. మతిమరుపు అనుకుని బాదంపప్పులు తినిపించే ఇళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక్కడ సహజంగానే ఒక అభ్యంతరం వస్తుంది. పిచ్చి ఆలోచనలు అందరికీ వస్తాయి కదా, ఆ లెక్కన అందరికీ కొద్దో గొప్పో ఓసీడీ ఉన్నట్టేనా? మొదటి సగం అక్షరాలా నిజం. స్టాన్లీ రాక్‌మన్, పద్మాల్ డిసిల్వా 1978లోనే చూపించారు, ఆరోగ్యవంతుల్లో అత్యధికులకు వచ్చే అవాంఛిత ఆలోచనలకూ రోగులకు వచ్చేవాటికీ విషయంలో పెద్ద తేడా లేదని. 2014లో ఆడం రాడోమ్‌స్కీ బృందం 13 దేశాల్లో 777 మంది విద్యార్థులను అడిగితే, అంతకుముందు మూడు నెలల్లో అలాంటి ఆలోచన ఒక్కటైనా వచ్చిందని 94 శాతం మంది చెప్పారు. మేడ అంచున నిలబడితే దూకేస్తానేమో అనిపించడం, నిండు సభలో బూతు మాట అనేస్తానేమో అనిపించడం మనిషి మెదడుకు మామూలే. రెండో సగం మాత్రం తప్పు. మామూలు మనిషి “ఇదేం ఆలోచన” అనుకుని కాఫీ కలుపుకుంటాడు. ఓసీడీ ఉన్న మనిషి “ఇలాంటిది నాకు ఎందుకొచ్చింది, అంటే నేను అలాంటివాణ్ణా” అని అక్కడే ఆగిపోతాడు. ఆలోచన వచ్చిందంటే జరగబోయేదానికి తానే పూచీ అనుకుంటాడు. బ్రిటిష్ మనస్తత్వవేత్త పాల్ సాల్కోవ్‌స్కిస్ 1985లో ఈ మితిమీరిన బాధ్యతాభావాన్నే జబ్బుకు ఇరుసుగా చూపించాడు. ఆ తర్వాత వచ్చే పనులు రోజులో గంటకు పైగా మింగేస్తున్నప్పుడు, లేదా చదువునూ ఉద్యోగాన్నీ కాపురాన్నీ దెబ్బతీస్తున్నప్పుడు వైద్యులు దాన్ని జబ్బు అంటారు. ఆలోచన రావడానికీ, ఆ ఆలోచన చుట్టూ జీవితం ఉరుకులు పెట్టడానికీ మధ్య ఉన్న దూరం చిన్నదేమీ కాదు.

రూపాన్నీ విషయాన్నీ విడదీసి చూడాలన్న మాట మన దేశంలో చాలాకాలం కిందటే వినిపించింది. చండీగఢ్ పీజీఐలో సల్మాన్ అఖ్తర్ బృందం 1975లో 82 మంది రోగుల లక్షణాలను పరిశీలించి, ఆలోచన దేని గురించి అన్నది ఒక పట్టీగా, అది ఏ రూపంలో వస్తోంది అన్నది ఇంకో పట్టీగా రాసుకుంది. రూపాల్లో అనుమానం, తెగని ఆలోచన, భయం, ఏదో చేసేస్తానేమో అన్న ఉద్వేగం, కళ్ల ముందు మెదిలే దృశ్యం కనిపించాయి. అన్నిటికన్నా ఎక్కువమందిలో ఉన్నది అనుమానమే. తర్వాతి దశాబ్దాల్లో గణాంక పద్ధతులు వచ్చాక 2008లో మైఖేల్ బ్లాక్ బృందం 21 అధ్యయనాలను, అయిదు వేల మందికి పైగా రోగుల సమాచారాన్ని కలిపి చూస్తే, లక్షణాలు నాలుగు గుంపులుగా తేలాయి. శుభ్రత ఒకటి, పొందిక ఒకటి, నిషిద్ధమైన ఆలోచనలు ఒకటి, వస్తువులు పోగుచేయడం ఇంకొకటి. సినిమాకెక్కింది ఆ నాలుగింట్లో ఒక్కటే. పైగా శుభ్రత అన్నది కూడా మనం అనుకునేంత తేలిక కాదు. చెత్తకుండీ ముట్టుకున్నాక చేతులు రుద్దుకునేవాళ్లు ఉన్నట్టే, ఏదీ ముట్టుకోకుండానే, ఒక మనిషి గుర్తొచ్చినందుకో, ఎవరో చేసిన అవమానం తలపుకొచ్చినందుకో ఒళ్లంతా మైలపడినట్టు తోచి స్నానానికి పరుగెత్తేవాళ్లూ ఉంటారు. పొందిక సంగతి ఇంకా వేరు. ఎడమ కాలు గడప తాకితే కుడి కాలూ తాకించాలి, అక్షరం వంకర పోతే పేజీ చింపి మళ్లీ రాయాలి. ఎందుకని అడిగితే ఏదో కీడు జరుగుతుందని కొందరంటారు, చాలామందికి భయమే ఉండదు, సరిగ్గా కుదిరినట్టు అనిపించేదాకా లోపల నస, అంతే. పరీక్ష హాల్లో మొదటి ప్రశ్న జవాబునే నాలుగుసార్లు రాసి టైమ్ చాలక ఫెయిలైన పిల్లవాణ్ణి మనం బద్ధకస్తుల జాబితాలో రాసేస్తాం.

అన్నిటికన్నా ఎక్కువగా దాగి ఉండేది నిషిద్ధమైన ఆలోచనల గుంపు. బాలింతనే తీసుకోండి. బిడ్డకు నీళ్లు పోస్తుంటే ముంచేస్తానేమో, ఉల్లిపాయలు తరుగుతుంటే ఆ కత్తి బిడ్డ మీదికి పోతుందేమో అని మెరుపులా ఒక దృశ్యం. కెనడాలో నికోల్ ఫెయిర్‌బ్రదర్, షీలా వుడీ 2008లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త తల్లుల్లో దాదాపు సగం మంది, బిడ్డకు తామే కావాలని హాని చేస్తున్నట్టు ఆలోచన వచ్చిందని ఒప్పుకున్నారు. వాళ్లంతా రోగులు కారు. కానీ కొందరిలో ఆ మెరుపు పోదు. ఆ తల్లి కత్తులు దాస్తుంది, బిడ్డకు నీళ్లు పోసే పని అమ్మకు అప్పగిస్తుంది, “నేను మంచిదాన్నే కదా” అని మనసులో సాక్ష్యాలు ఏరుకుంటుంది. నిన్న బిడ్డను ముద్దుపెట్టుకున్నప్పుడు ప్రేమ నిజంగా కలిగిందా అని తనను తాను తనిఖీ చేసుకుంటుంది. బయటికి ఏ తంతూ కనిపించదు కనుక ఇలాంటివాళ్లకు ఆలోచనలు మాత్రమే ఉన్నాయి, చేతలు లేవని చాలాకాలం అనుకున్నారు. నిజానికి చేతలన్నీ లోపలికి వెళ్లిపోయాయి. చెడ్డ దృశ్యం మీద మంచి దృశ్యం కప్పడం, జరిగిన సంభాషణను మాట మాటా తిరగేసుకోవడం, దేవుడి పేరు ఫలానా లెక్క ప్రకారం అనుకోవడం, ఇవన్నీ చేతులు కడుక్కోవడానికి సాటివే. భార్య మీద నాకు నిజంగా ప్రేమ ఉందా అని రోజుకు వందసార్లు కొలుచుకునే భర్తా, పిల్లల పట్ల తనకు తప్పుడు ఉద్దేశం ఉందేమోనని బడిలో కళ్లెత్తి చూడని ఉపాధ్యాయుడూ ఈ కోవలోకే వస్తారు. ఈ ఆలోచనలు ఎవరికి ఏది ప్రాణమో దాని మీదే పడతాయి. భక్తుడికి దేవుడి మీద, తల్లికి బిడ్డ మీద, నిజాయతీపరుడికి నిజాయతీ మీద.

భక్తి ప్రస్తావన వచ్చింది కనుక, మన సమాజానికి సంబంధించిన గట్టి అభ్యంతరం ఒకటుంది. మడి కట్టుకోవడం, అంటూ మైలా పాటించడం, ఇన్ని ప్రదక్షిణలు ఇన్ని జపాలు అని లెక్కపెట్టుకోవడం ఆచారంగా ఉన్నచోట, దేన్ని జబ్బు అంటాం? పాశ్చాత్య వైద్యం మన ఆచారానికి రోగం పేరు పెట్టడం కాదా? ఆచారాన్ని జబ్బు అనడానికి వీల్లేదు, నిజమే. కానీ ఆచారానికి ఒక ముగింపు ఉంటుంది. నూటెనిమిది అయ్యాక మాల పక్కన పెట్టేసి భోజనానికి లేస్తారు. జబ్బుకు నూటెనిమిదో పూస ఉండదు, యాభయ్యోది సరిగ్గా పలకలేదేమోనని మళ్లీ మొదటికి వెళ్లాలి. జెరూసలెంలో నిష్ఠాపరులైన యూదు రోగులను చూసిన మానసిక వైద్యుడు డేవిడ్ గ్రీన్‌బర్గ్ దీనికి పనికొచ్చే కొలతలు చెప్పాడు. మతం అడిగినదాన్ని మించిపోవడం, ఒకే ఒక చిన్న నియమం మీద పడి ఉండటం, ఆ తాపత్రయంలో మతం చెప్పిన మిగతా విధులను వదిలేయడం. వుజూ సరిగ్గా కాలేదని నీళ్లు పోసుకుంటూనే నమాజు వేళ దాటబెట్టేసిన మనిషికైనా, మడి కోసం నాలుగోసారి తలస్నానం చేస్తూ పూజకే రాలేకపోయిన ముత్తైదువకైనా ఇవే కొలతలు సరిపోతాయి. జాన్ బన్యన్ అనే ఇంగ్లీషు మతబోధకుడు 1666లో అచ్చయిన తన ఆత్మకథలో, క్రీస్తును అమ్మేయమని లోపల నుంచి తొలిచే ఆలోచనతో ఎలా పెనుగులాడాడో రాసుకున్నాడు. ఓసీడీ అనే పేరు అప్పటికి పుట్టనే లేదు. దేశం, మతం, కాలం ఆలోచనకు సరుకును అందిస్తాయి, తిరగలి మాత్రం అదే.

విషయాన్ని చూసి జబ్బును పోల్చడంలో డాక్టర్లు కూడా పప్పులో కాలేస్తారు. కింబర్లీ గ్లేజియర్ బృందం న్యూయార్క్ ప్రాంతంలోని 208 మంది ప్రాథమిక వైద్యులకు ఓసీడీ రోగుల వివరాలు చిన్న కథనాలుగా ఇచ్చి జబ్బు పేరు అడిగింది. ఫలితాలు 2015లో వచ్చాయి. మొత్తం మీద సగం జవాబులు తప్పు. వస్తువులు పొందిగ్గా సర్దే రోగిని పోల్చలేకపోయినవాళ్లు నాలుగు శాతం లోపే. మురికి భయం ఉన్న రోగి విషయంలో మూడో వంతు మంది తప్పారు. ఇతరులకు హాని చేస్తానేమో అన్న ఆలోచనలతో నలిగిపోతున్న రోగిని మాత్రం 80 శాతం మంది పోల్చలేకపోయారు. జబ్బు ఒక్కటే, మారింది అందులోని విషయమే. తప్పు పేరు పడితే తప్పు మందు పడుతుంది, కొన్నిచోట్ల తల్లి నుంచి బిడ్డనే దూరం చేస్తారు. ఇక్కడే జాగ్రత్తపరులు ఒక ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా. హాని ఆలోచనలను తేలిగ్గా తీసుకుంటే, రేపు ఏదైనా జరిగితే ఎవరిది పూచీ? ఓసీడీలో ఆ ఆలోచన మనిషి స్వభావానికి పూర్తిగా ఎదురు నిలుస్తుంది, అతను దాన్ని చూసి హడలిపోతాడు, దాని నుంచి తప్పించుకోవడానికే అంత యాతన పడతాడు. ప్రసవం తర్వాత అరుదుగా వచ్చే సైకోసిస్ వేరు. అందులో నిద్ర ఉండదు, మాట తీరు తప్పుతుంది, లేని గొంతులు వినిపిస్తాయి, బిడ్డలో ఏదో దుష్టశక్తి ఉందని తల్లి నిజంగానే నమ్ముతుంది. అది ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి. ఈ రెంటినీ వేరు చేయడం వైద్యుడి పని. ఓసీడీలో కుటుంబం ఎక్కువగా కనిపెట్టుకుని ఉండాల్సింది రోగినే. స్వీడన్ జాతీయ రికార్డులతో 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఓసీడీ ఉన్నవాళ్లలో ఆత్మహత్య ముప్పు తక్కినవాళ్లతో పోలిస్తే సుమారు పది రెట్లు. ఇతర మానసిక సమస్యల ప్రభావం తీసేసినా ముప్పు గణనీయంగానే మిగిలింది.

పరిశోధకుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకాస్త పదునైనది. రకాలన్నీ ఒకే జబ్బు అని అంత ధీమాగా ఎలా అంటారు? లండన్‌లో డేవిడ్ మటైక్స్ కోల్స్ బృందం 2004లో స్కాన్లు తీసినప్పుడు, కడిగే రకం భయం రేగినప్పుడూ, తనిఖీ చేసే రకం అనుమానం రేగినప్పుడూ మెదడులో చురుకయ్యే భాగాలు కొంతవరకు వేర్వేరుగా కనిపించాయి. పొందిక రకంలో భయమే లేకపోవచ్చని పైన మనమే చెప్పుకున్నాం. ఈ అభ్యంతరంలో బలం ఉంది. దానికి జవాబు, పోగుచేసే రకానికి ఏమైందన్న కథలో దొరుకుతుంది. చాలాకాలం దాన్ని ఓసీడీలో భాగంగానే లెక్కించారు. తిప్పుడు ఎలా ఉందని చూస్తే తేడా బయటపడింది. పాత పేపర్లూ విరిగిన కుర్చీలూ ఇంటినిండా పేర్చుకునేవాళ్లలో చాలామందికి రమ్మనకుండా వచ్చి పీడించే ఆలోచన ఉండదు. దాచుకోవడం వాళ్లకు హాయి, పారేయమన్నప్పుడే బాధ. ఓసీడీకి పనిచేసే చికిత్స వాళ్లకు అంతగా పనిచేయదు. అందుకని 2013లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం అయిదో కూర్పులో దాన్ని విడి జబ్బుగా తీసి పక్కనపెట్టింది. అదే కూర్పు ఓసీడీని ఆందోళన రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించి, వెంట్రుకలు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం, రూపం మీద లేని లోపం ఊహించుకోవడం వంటివాటి సరసన వేరే అధ్యాయంలో చేర్చింది. రేపు పొందిక రకం కూడా విడిపోవచ్చు. విడిపోతే అది కూడా తిరిగే తీరు వేరని తేలినందువల్లే విడిపోతుంది.

ఇదంతా పండితుల తగువు అనుకోవద్దు, చికిత్స దీని మీదే ఆధారపడి ఉంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త, భయపడే వస్తువు ఎదుట రోగిని ఉంచి, ఆ తర్వాత తంతు చేయనివ్వకుండా ఆపితే ఏమవుతుందో ఇద్దరు రోగులతో చేసి చూశాడు. నేడు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అని పిలిచే చికిత్సకు అది మొదలు. చేయి కడగకపోయినా దడ దానంతటదే దిగుతుందనీ, అనుకున్న అనర్థం జరగదనీ మెదడు అనుభవం మీద నేర్చుకుంటుంది. చేతలు లోపల ఉన్నవాళ్లకు ఆపాల్సింది లోపలి చేతలనే. ఆ బాలింత కత్తిపీటను అటక మీంచి దింపి, బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని కూర తరగాలి, “నేను మంచిదాన్నే” అన్న సాక్ష్యాల వెతుకులాట మానుకోవాలి. శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర, మెట్టు మెట్టుగా చేయాల్సిన పని ఇది. మందుల్లో ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లూవాక్సమిన్ వంటివీ, పాతదైన క్లోమిప్రమిన్‌ కూడా పనిచేస్తాయి. దిగులు జబ్బుకు ఇచ్చే మోతాదు కన్నా ఎక్కువ కావాల్సి రావచ్చు, ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకే గుణం కనబడలేదని డాక్టరును మార్చేవాళ్లు ఎందరో. ఇంట్లోవాళ్ల పాత్ర ఇంకా సున్నితం. “గేటు వేశాను కదూ?” అని అడిగితే “వేశావులే” అంటాం. “నేను చెడ్డదాన్నా అమ్మా?” అంటే “ఛ, అవేం మాటలే” అంటాం. ప్రేమతో అనే ఆ మాటే రోగికి మరో తంతు అవుతుంది, అరగంటలో అదే ప్రశ్న తిరిగొస్తుంది. అలాగని కసిరి పంపితే? ధైర్యం చెప్పకపోవడం క్రూరత్వం అని పెద్దవాళ్లు అంటే కొట్టిపారేయలేం. ఉన్నట్టుండి నోరు కట్టుకోవడమూ మంచిది కాదు. చికిత్సకుడి సమక్షంలో ముందే అనుకుని, “ఇది నీ జబ్బు అడిగే ప్రశ్న, దీనికి నేను జవాబు చెప్పనని ఇద్దరం అనుకున్నాం, రా, కాసేపు పక్కన కూర్చుంటాను” అనడంలో ఆసరా ఉంది, జవాబు లేదు.

రకాల పేర్లు తెలియడం వల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. ఇలాంటి ఆలోచనలు తన ఒక్కడికే కాదని తెలిసిన రోజున కొందరు ఏళ్ల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటారు. కానీ నాది ఏ రకం, ఇది నిజంగా ఓసీడీయేనా లేక నేను నిజంగానే చెడ్డవాణ్ణా అని రాత్రంతా ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంటే ఆ వెతుకులాటే కొత్త తంతు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే మన దేశంలో వయోజనుల్లో సుమారు 0.8 శాతం మంది ఓసీడీతో ఉన్నట్టు లెక్కతేల్చింది. ఇంటికొచ్చి అడిగినవాళ్లకు దేవుడి మీద వచ్చే బూతు ఆలోచన గురించి ఎంతమంది చెప్పి ఉంటారో ఊహించుకోవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది, టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టరు ఎదుట కూర్చున్నాక నోరు పెగలనివాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. 1989లో వేన్ గుడ్‌మన్ బృందం తయారుచేసిన యేల్-బ్రౌన్ కొలబద్దకు జతగా లక్షణాల పట్టీ ఒకటుంటుంది. మురికి, తాళాల నుంచి దైవదూషణ, లైంగిక దృశ్యాలు, కత్తుల భయం దాకా యాభైకి పైగా అంశాలు అందులో వరసగా అచ్చయి ఉంటాయి. డాక్టరును ఆ పట్టీ చదవమని అడిగితే చాలు, రోగి పైకి చెప్పలేని మాట దగ్గరకు వచ్చేసరికి తలూపవచ్చు.